మోటరుకు జడేసిన పరిశోధకుడు

చదువుకున్నవాడు ఊరికి మేలు చేయకపోయినా ఫరవాలేదు, బోరు మోటరు జోలికి మాత్రం పోకూడదు. నేను పోయాను. మా బావ వరిచేను ఎండిపోయేంత పని చేసి వచ్చాను. చెప్తాను, నవ్వడం కాసేపు ఆపుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో హైదరాబాదులో ముడుల గణితం మీద పరిశోధన చేసేవాణ్ణి. ముడికో జడకో హోమాలజీ అనే పద్ధతిలో ఒక లెక్క కడతాం. తాడును ఎంత గుంజినా, మెలిపెట్టినా ఆ లెక్క మారదు. ముడి లేని తాడు లెక్కకూ దీనికీ తేడా వచ్చిందా, ఇక ఆ ముడి విప్పడం ఎవరి తరమూ కాదు. ఇంతవరకు శాస్త్రం. ఇక్కడినుంచి నా తెలివి.

సెలవులకు బాన్సువాడలో అక్క ఇంటికి వచ్చాను. బీర్కూర్ రోడ్డు పక్క పొలంలో వరి పొట్టమీదుంది, కంకి బయటికి రావాలంటే నీళ్ళు ఆగకూడదు. కాలిపోయిన మోటరును బాగుచేయించి బావ మళ్ళీ బోరులోకి దించుతున్నాడు. బరువంతా కొత్త నైలాన్ తాడు మీదే. ఆయన ముడి వేయబోతుంటే ఆపాను.

“ఆగు బావ, నేనేస్త.”

“నీకు లుంగీ ముడే నిలువదు గద బామ్మర్ది.”

“గిది లెక్కగట్టిన ముడి. దేవుడు దిగొచ్చినా ఊడది.”

“దేవుడు రాకున్నా ఊడితే?”

“ఫికర్ చెయ్యకు.”

తాడు కొసను మూడు పాయలు చేసి జడ అల్లాను. ఆ జడను మెలికల మీద మెలికలు తిప్పి మోటరుకు బిగించాను. సిమెంటు సంచి మీద బొమ్మ గీసి లెక్క కడితే జవాబు ఇంత పొడుగు వచ్చింది. నా ఛాతీ అంతకన్నా పొంగింది. సద్ది తెచ్చిన అక్క చూసి, “మోటరుకు జడెందుకురా తమ్మీ, పూలు గూడ పెడ్తవా?” అంది.

సగం దించామో లేదో, నా ముడి ఒక్కో మెలికే మర్యాదగా విప్పుకుంది. మోటరూ, దాని వెంట పైపూ గుడగుడమంటూ లోపలికి పోయాయి. బావ చేతిలో తాడు తేలికగా పైకి వచ్చింది. జడ అట్లాగే ఉంది, ముడే లేదు.

అక్క గట్టు మీద కూలబడింది. “పొట్టమీదున్న వరికి నీళ్ళెట్లరా ఇగ?” అంటూ ఏడ్చింది. ఆ బోరులో నేనే పడిపోయినా బాగుండేదనిపించింది. అప్పుడైనా నోరు మూసుకోవాలి కదా.

“లెక్క తప్పు గాదు బావ. ఒక్క ముచ్చట మరిచిన. మా శాస్త్రంల ముందుగాల తాడు రెండు కొసలు కలిపి అతికేస్తం. కొసలుంటే ఏ ముడైనా ఊడుతది.”

“కొసల్లేని తాడా?”

“అవ్.”

బావ చేతిలోని జడను అటూ ఇటూ తిప్పి చూశాడు. “మరి దాన్ని మోటరుకెట్ల కడ్తరు?”

“మేం దేనికీ కట్టం బావ.”

“మరేం జేస్తరు?”

“చూస్తం.”

మర్నాడు మెకానిక్ కొక్కెం వేసి మోటరును పైకి లాగాడు. పక్క పొలం వాళ్ళు ఆ పూట నీళ్ళు వదిలారు కాబట్టి వరి బతికింది. ఈసారి ముడి బావే వేశాడు. అది అయ్యేదాకా నన్ను రోడ్డు అవతల నిలబెట్టారు.

కొసలున్న తాడును ఈ జన్మలో ముట్టనని ఆ రోడ్డు మీదే, లారీలు సాక్షిగా శపథం చేశాను. ఇప్పటికీ నా బూట్లకు లేసులుండవు. మాట తప్పింది ఒక్కసారే, నా పెళ్ళిలో. మూడు ముళ్ళూ వేసి తలెత్తేసరికి, అక్క వంగి ఒక్కో ముడినీ గుంజి చూస్తోంది. పంతులు కూడా మంత్రం ఆపి, ఆమె సరేననే దాకా ఎదురుచూశాడు.