అరుగు మీద వేసిన కుర్చీ

బ్రూస్‌పేటలో మా ఇంటి ముందు గది ఆదివారాల్లో మాది కాదు. నేను చిన్నబడికి పోయే రోజుల నుంచీ ఆ గదిలోనే తెలుగు ప్రార్థన కూటం జరిగేది. శనివారం సాయంత్రం అమ్మ జీన్స్ ప్యాంట్ల మూటలన్నీ వంటింట్లోకి జరిపి, బండలు కడిగి, చాపలు పరిచేది. కుట్టిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించి ఇవ్వడం ఆమె పని. నాయన బేల్దారి. పాస్టరు అయ్యగారు నిలబడి వాక్యం చెప్పడానికి గోడ వారగా చిన్న దిమ్మె కట్టింది ఆయనే. దాని అంచులు ఎంత నున్నగా తీసినాడంటే, కూటానికి కొత్తగా వచ్చినవాళ్లు చేత్తో తడిమి చూసేవాళ్లు.

నాయనకు దగ్గు పట్టుకుంది. సిమెంటు దుమ్మేమో అనుకున్నాం. అయ్యగారు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసినాడు, సంఘమంతా ఆమెన్ అనింది. దగ్గు తగ్గలేదు. మనిషి చిక్కిపోయి చొక్కా భుజాల మీంచి జారతాంటే చూడలేక, బట్టల అంగట్లో నా పనికి సెలవు పెట్టి సర్కారు ఆస్పత్రికి తీసుకుపోయినాను. టీబీ అన్నారు. మందులు మేమే ఇస్తాం, నెలల తరబడి మింగాలి, ఒక్క రోజు కూడా ఆపొద్దు అన్నారు.

అమ్మ దాచలేదు. ఆ ఆదివారం ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు లేచి నిలబడి అందరికీ చెప్పేసింది. విషయం కడుపులో పెట్టుకుని పక్కవాళ్ల పిల్లలను చాప మీద కూర్చోబెట్టుకోవడం తప్పని ఆమె అనుకుంది. "ప్రభువు ముట్టి బాగుచేస్తాడమ్మా" అన్నారందరూ. ఆ రోజు కూటం అయినాక అమ్మ పోసిన టీ ఎవరూ ముట్టలేదు.

ఆ వారంలోనే సంఘ పెద్ద వచ్చినాడు. సిరుగుప్ప నుంచి బియ్యం తెప్పించి అమ్మే మనిషి, రెండు వీధుల అవతల సొంత ఇల్లు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడినాడు.

"చిన్న పిల్లోళ్లు వస్తారు గదమ్మా. కొన్నాళ్లు కూటం మా ఇంట్లో పెట్టుకుందామని అయ్యగారు అంటాండాడు."

"మంచిదే అన్నా. పిల్లల సంగతి చూసుకోవల్ల గదా," అంది అమ్మ.

ఆమె నిజంగానే మంచిదనుకుంది. చాపలు, మైకు, కంజిర ఆటోలోకి ఎక్కించడానికి తనే చెయ్యి వేసింది. ఎవరో ఒకరు వాకిలి దాకా వచ్చి, దూరంగా నిలబడైనా, ఎట్లుండాడని అడుగుతారనుకుంది. ఎవరూ రాలేదు. అయ్యగారు మాత్రం ఫోన్లో ప్రార్థన చేసేవాడు. అమ్మ స్పీకరు పెట్టి ఫోను నాయన దిండు పక్కన ఉంచేది. అటువైపు నుంచి లారీల హారన్లు వినబడేవి. ఆయన బండి మీద ఎక్కడికో పోతా పోతా మా నాయన కోసం దేవుణ్ణి అడుగుతున్నాడని నాకు అర్థమైంది. అమ్మకూ అర్థమయ్యే ఉంటుంది. కళ్లు మూసుకుని ఆమెన్ అనేది.

ప్యాంట్ల మూటలు తెచ్చే సాబుకు కూడా అమ్మ ఉన్నది ఉన్నట్లు చెప్పింది. ఆయన "ఎట్లైనా ఉతికే అమ్ముతాం గదమ్మా, నువ్వు కత్తిరించు, పర్వా నహీ" అని మూట దించి పోయినాడు.

ఆదివారం పొద్దున అమ్మ మా ముగ్గురితోనే కూటం పెట్టేది. నాయన మంచం మీద, నేను గడప దగ్గర. పాటలో పైకి పోయే చరణానికి ఆమె గొంతు అందేది కాదు. ఇంతకుముందు అక్కడ నాయన అందుకునేవాడు. ఇప్పుడు ఊపిరి చాలదు. ఇద్దరూ ఆ చోట ఆగిపోయి, మళ్లీ పల్లవి ఎత్తుకునేవాళ్లు.

మందులు పని చేసినాయి. డాక్టరు మళ్లీ పరీక్షలు చేయించి, ఇంక ఎవరికీ అంటదు, నలుగురిలోకి పోవచ్చు అన్నాడు. బయటికి రాగానే నాయన అడిగిన మొదటి మాట, "ఈ ఆదివారం ప్రభువు బల్ల గదా, రొట్టె రసం ఇస్తారు, పోదామా?" అని. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. అమ్మ ముందుగా ఫోన్ చేసి వస్తాండామని చెప్పింది.

సంఘ పెద్ద ఇంటి బయట, చెప్పులు విడిచే అరుగు మీద, ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి ఉంది.

"ఈడ గాలి బాగా వస్తాది తమ్ముడూ. లోపల ఉక్క," అన్నాడాయన.

"ఇంక అంటదని డాక్టరు చెప్పినాడు అంకుల్," అన్నాను నేను.

"నాకు తెల్దా పాపా? జనాలు ఒప్పుకోవల్ల గదా."

నాయన కుర్చీలో కూర్చున్నాడు. లోపల చోటుంది రమ్మని అమ్మను పిలిచినారు. ఆమె పోకుండా నాయన పక్కన, చెప్పుల మధ్య మెట్టు మీద కూర్చుంది. వాక్యం అయింది. లోపల రొట్టె విరిచి, చిన్న చిన్న గ్లాసుల్లో రసం స్టీలు పళ్లెంలో తిప్పినారు. మాకు మాత్రం సంఘ పెద్ద భార్య రొట్టె ముక్కలూ పేపరు కప్పులూ తెచ్చింది, కప్పుల అంచు రెండు వేళ్లతో పట్టుకుని.

"అక్కా, లోపల గ్లాసులు ఉండాయి గదా," అంది అమ్మ.

"సరిపోలే చెల్లీ."

తలుపులోంచి పళ్లెం కనబడుతూనే ఉంది. అందులో ఇంకా నిండు గ్లాసులు మిగిలే ఉన్నాయి.

నాయన కప్పు తీసుకున్నాడు. దాంట్లోకి చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టినాడు. "నాకొద్దమ్మా. ఇచ్చేదుంటే ఆ గ్లాసులోది ఇయ్యండి."

ఆమె కదలలేదు. లోపలి నుంచి ఎవరూ లేవలేదు. అయ్యగారు చూసి, పాట అందుకున్నాడు. నాయన చెప్పులు వేసుకుని ఎండలో నడిచి వచ్చేసినాడు. అమ్మ రొట్టె తిని, తన కప్పు తాగి, మా వెనకాలే వచ్చింది.

"నువ్వెందుకు తాగినావు?" ఇంటికొచ్చినాక నాయన అడిగినాడు.

"అది వాళ్ల సొత్తు కాదు గదా, నేను వద్దనడానికి," అంది.

మర్నాడు నాయన సుత్తి తీసుకుని దిమ్మె పగలగొట్టినాడు. ముందు గది జీన్స్ కుట్టేవాళ్లకు బాడుగకు ఇచ్చినాడు. ఆదివారం కూడా మిషన్లు తిరిగేవి. అమ్మ ఒక్క మాట అడ్డం చెప్పలేదు. ఆదివారమొస్తే ఒక్కతే కూటానికి పోయి వచ్చేది. ఆ కొట్లాట లేని ఇల్లు నాకు కొట్లాట కన్నా కష్టంగా ఉండేది.

తర్వాత అదే జబ్బు సంఘ పెద్ద భార్యకు వచ్చింది. మా ఇంటి నుంచే అంటుకుందని కొందరు అన్నారు. కూటం వాళ్లింటి నుంచీ లేచిపోయింది, ఒక బాడుగ హాలుకు. అయ్యగారు ఆమెకూ ఫోన్లోనే ప్రార్థన చేసినాడు. వాళ్లింటి వంటమనిషి రావడం మానేసింది, సంఘ పెద్ద పొద్దంతా బియ్యం అంగట్లోనే ఉండేవాడు. అమ్మ కోడిగుడ్లు ఉడకబెట్టి, పప్పన్నం క్యారియరులో సర్దుకుని పోవడం మొదలుపెట్టింది. మూతికి గుడ్డ కట్టుకుని మంచం దాకా పోయి తినిపించి వచ్చేది.

నాయన గుమ్మానికి అడ్డం నిలబడినాడొక రోజు. "నీకు సిగ్గు లేదా? నీ దేవుడు నిన్ను వాళ్లకు పనిమనిషిని చేసినాడు."

"దేవుని పేరు ఎత్తొద్దు. ఆ యమ్మ ఒక్కతే పడుకోనుండాది. నువ్వు పడుకున్నప్పుడు నేను వాకిలి తట్టు చూసుకుంటా ఎట్లా కూర్చున్నానో నాకు తెలుసు. జరుగు."

ఆయన జరిగినాడు. కానీ చానా రోజులు ఆమె చేతి అన్నం తినలేదు, తనే వేరే వండుకున్నాడు.

ఆమెకు నయమైంది. కూటంలో లేచి సాక్ష్యం చెప్పింది. ప్రభువుకు, అయ్యగారి ప్రార్థనలకు, సంఘానికి వందనాలు చెప్పింది. అమ్మ మాట ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఒలుస్తా అమ్మే మాకు చెప్పింది. నాయన నవ్వినాడు, వినలేని నవ్వు. నాకు ఒళ్లు మండింది.

"నీకు కోపం రాలేదా అమ్మా?"

"ఎందుకు రాదు? ఉండాది. కోపం పెట్టుకోనే పోతాండా," అని కాయలు కడగడానికి లేచింది.

ఇప్పుడు ఆదివారం స్కూటీ మీద ఆమెను హాలు దగ్గర దింపేది నేనే. లోపలికి రమ్మని ఆమె ఎప్పుడూ అడగలేదు. నేను పోలేదు. కూటం అయ్యేదాకా ఎదురుగా టీ అంగట్లో కూర్చుంటాను. పాటలు అక్కడికి వినబడతాయి. అమ్మ గొంతు వేరుగా తెలియదు.