ముత్తమ్మ చెప్పిన సాక్ష్యం

2023 వానాకాలం. చర్ల వైపు అడవి పల్లెలకు నేను ఏఎన్‌ఎమ్‌ని, అంటే గర్భిణులనూ పసిపిల్లలనూ ఇంటింటికీ వెళ్లి చూసే నర్సుని. వాగు పొంగితే అవతలి పల్లెలకు దారి ఉండదు, అంబులెన్సు ఇవతలి ఒడ్డునే ఆగిపోతుంది. అందుకని ఈడీడీ, అంటే కాన్పు అంచనా తేదీ, దగ్గరపడినవాళ్లను ముందే ఆసుపత్రి పక్కకు తేవాలి. తెచ్చి ఎక్కడ ఉంచాలన్నదే నా తలనొప్పి.

ఆ తలనొప్పి తీర్చింది ఆసుపత్రి పక్కనే ఉన్న మా చర్చి. అంతకుముందు క్రిస్మస్‌కు పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, "నిండు నెలల మరియమ్మకు సత్రంల చోటు దొరకలేదని ఏటా నాటకమేసి ఏడుస్తున్నం. మన పక్క గదికేమో తాళమేసి కుర్చీలు పెట్టుకున్నం" అన్నారు. సిగ్గుతో తలలు దించుకున్నాం. మరుసటి వారానికల్లా కుర్చీలు బయటికి, మంచాలు లోపలికి! కూలికి పోయే ఆడవాళ్లే వంతులేసుకుని వండిపెట్టేవారు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు నిండిపోతుంది.

ఆ గదికే గంగిని తెచ్చాను. తొలి కాన్పు, బీపీ ఎక్కువ, కాళ్లకు వాపు. మా భాషలో హైరిస్క్, అంటే ఇంటి దగ్గర కాన్పయితే తల్లీబిడ్డా దక్కడం కష్టం. తోడొచ్చిన అత్త ముత్తమ్మ గుమ్మంలోనే నిలదీసింది. "మీ దేవునిల కలవాల్నా?"

"వద్దమ్మా. నువ్వు మొక్కే దేవుణ్నే మొక్కు. బువ్వ మాత్రం మాది తిను" అన్నారు పాస్టరుగారు.

మా సంఘంలో పెద్దామె మార్తమ్మ. వెన్నలాంటి మనిషే గానీ ఆమె నోరు ఊరుకోదు. గంగి బీపీ కాస్త దిగిందని సంబరపడి, "ముత్తమ్మా, ఆదివారం అందరి ముందల సాక్ష్యం చెప్పు" అనేసింది. చర్చిలో సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవడం. మాకది రోజూ వాడే మాట.

నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి ముత్తమ్మ మూట పట్టుకుని, కోడలి చేయి లాక్కుంటూ గేటు దగ్గరుంది. అవతల మబ్బు కమ్మేసింది.

"ఏంది ముత్తమ్మా, ఏడికి?"

"మేం పోతం నర్సమ్మా. సాక్ష్యం గీక్ష్యం మావల్ల గాదు. మేమేం జూడలే, మాకేం తెల్వదు."

వాగు పొంగితే గంగిని మళ్లీ తేలేను. "ఏం జూడలే? సరిగ చెప్పు!" అని గద్దించాను. మూట వదలకుండానే చెప్పింది. వాళ్ల పల్లె పక్కన పోలీసు క్యాంపు. వాళ్ల మరిది ఏదో కేసులో సాక్ష్యానికని పోయి ఏళ్లతరబడి కోర్టు చుట్టూ తిరిగాడు. ఆమెకు తెలిసిన సాక్ష్యం అదొక్కటే.

మార్తమ్మ నెత్తి కొట్టుకుంది. "నా నోరు పడిపోను! కోర్టు సాక్ష్యం గాదక్కా!" ముత్తమ్మ నమ్మితేగా!

పాస్టరుగారు మాత్రం ఆమెకు ఏదీ వివరించబోలేదు. మా వైపు తిరిగి, "ఈ గదిల ఉన్నోళ్లని ఎవ్వరూ ఏం చెప్పమనొద్దు. ప్రార్థనకు గూడ పిలవొద్దు. తిన్నరా, పండుకున్నరా, గంతే అడగాలె" అన్నారు. మార్తమ్మ ఆ మూట లాక్కుని, తన నెత్తిన పెట్టుకుని లోపలికి నడిచింది. "ఓ ముసల్దానా, నా మూట!" అని తిట్టుకుంటూ ముత్తమ్మ వెనకే వచ్చింది. గంగి అప్పటికే మంచమెక్కి కూర్చుంది.

ఆ వారమే వాగు పొంగి అవతలి పల్లెల దారి మునిగింది. నొప్పులతో పాటు గంగికి ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రి పక్కనే కాబట్టి వెంటనే ఇంజెక్షన్ చేసి భద్రాచలం పెద్దాసుపత్రికి పంపాం. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం. దేవుడికి దండం పెట్టుకుని నేను బావురుమన్నాను.

చేసిన మేలుకు బదులుగా ఒక్క మాట కూడా అడగకూడదని, ఇంతకాలం డ్యూటీ చేసినా, నాకు తెలిసింది ఆ గదిలోనే. పాస్టరుగారి మాట దాటి మేమెవరం ఏదీ అడగలేదు.

మరుసటి వానాకాలం, ఇంకా చినుకు పడకముందే, ముత్తమ్మ తనంతట తానే వచ్చింది. వెనకాల వాళ్ల పల్లె పిల్ల, నిండు గర్భిణి. మళ్లీ ఏం జారుతుందోనని మార్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ముత్తమ్మే నవ్వింది. "ఏందక్కా, గప్పుడు సాక్ష్యమడిగితివి గద? ఇగో, తోల్కొచ్చిన."