ఆదివారం కోటకు వచ్చే బాబాయిగారు

పోయిన శుక్రవారం మా పక్కింటి బాబాయిగారు కన్నుమూశారు. తెల్లవారుజాము నమాజు చేసుకుని కాసేపు పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదని వాళ్ళమ్మాయి వచ్చి చెప్పింది. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. భవానీపురంలో మా రెండిళ్ళకూ మధ్య ఒకటే గోడ.

తొంభైల చివర్లో పిన్నిగారు పోయాక ఆయన మాట్లాడటం దాదాపు మానేశారు. వరండాలో కుర్చీ వేసుకుని వీధివైపు చూస్తూ ఉండేవారు. కంచంలో అన్నం కంచంలోనే ఉండేది.

"ఏం పెట్టినా ముద్ద దిగట్లేదన్నయ్యా. మీరన్నా ఎక్కడికైనా తీసుకెళ్ళండి" అని వాళ్ళమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పట్లో మేం కొందరం ఆదివారాలు కొండపల్లి కోటకు వెళ్ళి, దారికి అడ్డంగా పెరిగిన ముళ్ళకంపలు కొట్టేవాళ్ళం. రమ్మని అడిగాను.

"ఆ పాడుబడ్డ గోడలతో నాకేం పనయ్యా?" అన్నారు. చివరికి కూతురి పోరు పడలేక బస్సెక్కారు.

మొదటిరోజు ఓ బండమీద కూర్చుని మమ్మల్నే చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి కాళ్ళ దగ్గరున్న గడ్డి పీకారు. కింద ఒక మెట్టు అంచు బయటపడింది. ఎండ ముదిరేసరికి ఆయన నేలమీద చతికిలబడి రెండు చేతులతో మట్టి తోడుతున్నారు. ఇక వెళ్దామంటే చేతులు దులుపుకుని నావైపు తిరిగారు.

"ఆకలేస్తోంది అబ్బాయ్. తినడానికేమన్నా తెచ్చావా?"

మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర ఆయన తింటుంటే నేను అటు తిరిగి నిలబడ్డాను.

ఆ తర్వాత ఆయన ఆదివారం మానింది తక్కువ. పని ఆపే వేళకు తన పాత గార్డు విజిల్ ఊదేవారు. "రాజుల సంగతి పుస్తకాల్లో రాశారు. ఈ రాళ్ళు పైకి మోసినవాళ్ళ పేర్లే ఎవరికీ తెలీదు. వాళ్ళ కోసమన్నా శుభ్రంగా ఉంచుదాం" అని కొత్తవాళ్ళకు చెప్పేవారు.

ఆయన దుఃఖం పోయిందని మీతో అనలేను. పిన్నిగారి మాటొస్తే చివరిదాకా లేచి అవతలికి వెళ్ళిపోయేవారు. ఓసారి కొండ దిగుతూ, "ఇప్పుడు మనసెలా ఉంది బాబాయ్?" అని అడిగాను.

"అలాగే ఉందయ్యా. కాకపోతే శనివారం నిద్రపడుతోంది. పొద్దున్నే లేవాలి కదా" అన్నారు.

శుక్రవారం సాయంత్రం బంధువులు ఆయన్ని పడుకోబెట్టిన జనాజా పాడెను భుజాలకెత్తుకుని వీధిలోకి వచ్చారు. కోటకు వచ్చేవాళ్ళమంతా ఓ పక్కగా నిలబడ్డాం. ఆయన తమ్ముడు మమ్మల్ని చూసి, "అక్కడే ఉండిపోయారేంటండీ? రండి, మీరూ ఓ భుజం పట్టండి" అన్నారు. మాలో బడిపంతులు, తాపీమేస్త్రి, కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే ముందుకు వెళ్ళారు. జనాజా కర్రను పట్టుకున్న చేతుల మీద, అంతకుముందు ఆదివారం ముళ్ళు గీసిన చారలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.