అరవై జీబీల పెళ్ళి

చెల్లెలి పెళ్ళి తెల్లవారుజామున పుంగనూరులో, మధ్యాహ్నం విందు మదనపల్లెలో. మోకాళ్ళ నొప్పులతో ముహూర్తానికి రాలేకపోయిన మా అవ్వ, తాళి కట్టేది వీడియోలోనైనా చూడాలని కుప్పం నుంచి విందుకు వచ్చింది. మూడు గంటలకు ఆమెను తీసుకెళ్ళే బాడుగ కారు బయల్దేరుతుంది, డ్రైవర్‌కు తర్వాత ఇంకో బాడుగ ఉంది కాబట్టి ఆగదు.

రెండు గంటలకు పుంగనూరు నుంచి ఫొటోగ్రాఫర్ ఫోన్ చేశాడు. "సార్, వీడియో పెన్‌డ్రైవ్‌లో ఎత్తుకోని బస్సెక్కేదా? ముప్పావు గంటలో ఆడుంటా."

"ఈ కాలంలో బస్సేందప్పా! నెట్‌లో పంపు" అన్నాను. వీడియో అరవై వేల మెగాబైట్లు, నెట్ వేగం సెకనుకు వంద. భాగిస్తే పది నిమిషాలు. ఇంజినీరింగ్ కాలేజీలో నెట్‌వర్కింగ్ పాఠాలు చెప్పేవాడిని, ఆ మాత్రం లెక్క రాదా?

లాప్‌టాప్‌ను పెద్ద తెరకు కలిపాను. నాలుగు వందల మంది బంధువులు భోజనం ముగించి వచ్చి, తెర మీద ఒక నీలం గీత పెరగడాన్ని శ్రద్ధగా చూశారు.

"దీంట్లో పెండ్లికూతురు యాడుండాది నాయనా?" అంది అవ్వ తెర చూపిస్తూ.

"వస్తాండాది అవ్వా."

మూడైంది. గీత డెబ్బై ఐదు శాతం దగ్గరుంది. నా దగ్గరే చదువుకున్న చెల్లెలు వేదిక మీంచి అడిగింది. "అన్నా, నెట్ వేగం బిట్లలో గదా చెప్తారు? బైటుకు ఎనిమిది బిట్లు. ఎనిమిదితో గుణించినావా? ఈ తప్పుకే గదా నాకు మార్కులు కోసింది!"

పెళ్ళిలో తలంబ్రాల కంటే విందులో నవ్వులే ఎక్కువ రాలాయి, అవీ నా నెత్తిన. అవ్వ ఏమీ చూడకుండానే కారెక్కింది.

మర్నాడు పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని నేనే కుప్పం వెళ్ళాను. అవ్వ తాళి కట్టే ఘట్టాన్ని మూడుసార్లు చూసి కళ్ళొత్తుకుంది. బస్సుకు మూడు గంటలు పడుతుందని కండక్టర్ ముందే చెప్పాడు, సరిగ్గా అంతే పట్టింది. ఆయన నెట్‌వర్కింగ్ చదివినట్టు లేదు.