అప్పా అనాలా, డాడీ అనాలా

2022లో, కోలారు బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో మా మేడ మీది గదిలో జరిగిన సంగతి ఇది. గోడలకు పాత బొంతలు వేలాడదీసి, కిటికీకి పరుపు అడ్డం పెట్టి ఆ గదిని రికార్డింగ్‌కు పనికొచ్చేలా చేసుకున్నాను. కొరియా సినిమాలకు, సీరియళ్లకు తెలుగు మాటలు రాసి, దగ్గరుండి చెప్పించడం నా పని. గనులు మూతపడ్డాక ఈ ఊళ్లో ఎవరెవరో ఏమేమో చేసి బతికారు గాని, కొరియా వాళ్ల చేత తెలుగు మాట్లాడించి బతుకుతున్నది నువ్వొక్కదానివే అని మా చుట్టాలు వేళాకోళం చేస్తుంటారు.

అసలు రహస్యం ఏమిటంటే నాకు కొరియా భాష రాదు. ఈ రంగంలో చాలామందికి రాదు. మాకు చేరేది ఇంగ్లీషు స్క్రిప్టు. దాన్ని పివట్ అంటారు. కొరియా మాట ముందు ఇంగ్లీషులోకి దిగుతుంది, అక్కడి నుంచి తెలుగుకు, తమిళానికి, మిగతా భాషలకు బయల్దేరుతుంది. ఆ ఇంగ్లీషు కూడా హాలీవుడ్ సినిమాల్లో వినబడే ఇంగ్లీషే. కొరియా వాళ్లకూ మనలాగే అన్న, అక్క, మామ, పిన్ని అని వరసలున్నాయి. మధ్యలో దొర కూర్చుని అందరినీ 'యూ' చేసి మనకు పంపిస్తాడు. పోయిన వరసలు వెతికి పెట్టుకోవడంతోనే నా సగం రోజు గడిచిపోతుంది.

కథల సంగతీ అంతే. థియేటర్లు ఏడాదికి ఇన్ని రోజులు సొంత సినిమాలే వేయాలని కొరియాలో చట్టముంది. అమెరికా ఒత్తిడి మీద ఆ రోజులను సగానికి తగ్గించారని చదివాను. అంత పోటీలోనూ వాళ్లు గొప్ప సినిమాలు తీశారు, కాదనను. కానీ పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్టు, బయటి దేశాల్లో అమ్మాలంటే సినిమా హాలీవుడ్ సినిమాలా ముగియాలని కొన్ని కంపెనీలకు పట్టుకుంది. ఆ పట్టుదల దెబ్బ ఎక్కడో కాదు, నా గదిలోనే తగిలింది.

అది బొగ్గు గని కూలిన కథ. తండ్రి లోపల చిక్కుకుపోతాడు. తొమ్మిదేళ్ల కూతురు గని నోటి దగ్గర నిలబడి పిలుస్తూ ఉంటుంది. ఆ పిల్లకు గొంతు ఇచ్చింది చంద్రమ్మక్క. ఆమె రిటైరైన అంగన్‌వాడీ టీచరు, అరవై దాటిన మనిషి. డబ్బింగ్‌లో పిల్లల గొంతులు ఎక్కువగా ఆడవాళ్లే చెబుతారు. కళ్లు మూసుకుని వింటే చంద్రమ్మక్క నిజంగా చిన్నపిల్లే.

పిల్ల తండ్రిని పిలిచే మాట ఇంగ్లీషు స్క్రిప్టులో 'డాడీ'. నేను 'నాన్నా' అని రాశాను. మొదటి సీను చూడగానే చంద్రమ్మక్క తల అడ్డంగా ఊపింది.

"ఆ పిల్ల నాన్నా అనలేదు కదమ్మా. అప్పా అంటా ఉండాది. నోరు చూడు, మూసి తెరస్తా ఉంది."

నిజమే. కొరియాలో తండ్రిని అప్పా అనే పిలుస్తారు. మా కోలారు సీమలోనూ అంతే. తండ్రినీ అప్పా అంటాం, ముద్దొస్తే కొడుకునీ అప్పా అంటాం, దారిన పోయేవాణ్ణి కూడా ఏమప్పా అని ఆపుతాం. పైగా లిప్ సింక్, అంటే తెర మీది పెదాల కదలికకు మాట సరిపోవడం, ఈ మాటకు తిరుగులేకుండా కుదిరింది. ప, బ, మలకే పెదాలు మూతపడతాయి. నాన్నాలో గాని డాడీలో గాని అవి లేవు.

హైదరాబాద్ నుంచి ఈ పని పంపే సుధీర్ మాత్రం ఒప్పుకోలేదు. "అప్పా అంటే తమిళంలా ఉంది మేడమ్. తెలుగువాళ్లు నవ్వుతారు" అన్నాడు.

చంద్రమ్మక్క ఫోన్ నా చేతిలోంచి లాక్కుంది. "ఏమప్పా, మేమూ తెలుగోళ్లమే కదా! మా ఇండ్లల్లో నాన్న అనేది లేదు. పెదాలు చూసుకోని చెప్పు."

పెదాలు చూసుకున్నాడు కాబోలు, మర్నాటికల్లా ఒప్పుకున్నాడు.

చివరి సీనులో వెతకడం ఆపేస్తారు. అందరూ వెళ్లిపోతుంటే పిల్ల ఒక్కతే నిలబడి పిలుస్తుంది. చంద్రమ్మక్క ఆ పిలుపుల్లో ఏడుపు పెట్టలేదు. పక్కింట్లో ఉన్న మనిషిని అన్నానికి పిలిచినట్టు గట్టిగా, ఒకే తీరుగా పిలుస్తూ పోయింది. కొంచెం ఏడుపు కలుపుదామా అని అడిగాను.

"ఏడిస్తే లోపలుండేవాళ్లకి ఇనబడదంట. అరవాలంట. పెద్దోళ్లు చెప్పినారు నాకు."

అప్పుడు తెలిసింది. వాళ్ల నాన్న గౌనిపల్లి నుంచి గనిలో పనికి వచ్చిన మనిషి. భూమి లోపలి ఒత్తిడికి రాయి పగిలి మీద పడడాన్ని ఇక్కడ ఎయిర్ బ్లాస్ట్ అనేవారు. అందులో చిక్కుకున్నాడు. చంద్రమ్మక్కకు అప్పుడు తొమ్మిదేళ్లు. గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గర నిలబడి పిలిచింది. శవం బయటికి రాలేదు. ఆ సొరంగానికి అడ్డంగా గోడ కట్టేశారు. ఇన్నేళ్ల పరిచయంలో ఆమె ఈ మాట నాతో అనడం అదే మొదలు. ఆ పిలుపులను ఆమె పిలిచినట్టే ఉంచేశాను.

పని పంపించేశాం. కొన్ని వారాల తర్వాత సుధీర్ మళ్లీ ఫోన్ చేశాడు. "బయటి దేశాలకని ముగింపు మార్చారు మేడమ్. కొత్త సీన్లు తీశారు. నాన్న బతికి వస్తాడు. ఇక్కడ కూడా అదే రిలీజ్. పాపది ఒక్క డైలాగ్ చాలు."

తండ్రి బయటికొస్తాడు. పిల్ల పరిగెత్తుకెళ్లి మెడ పట్టుకుని అంటుంది: "అప్పా, నువ్వొస్తావని నాకు తెలుసు."

చంద్రమ్మక్క ఆ సీను రెండుసార్లు వేయించుకుని చూసింది. తర్వాత, "దీనికి డాడీ అని పెట్టమ్మా" అంది.

"నువ్వే కదక్కా అప్పా కావాలని కొట్లాడితివి?"

"అది పిలిచేదానికి. పిలిచింది నిజమే కదా. వచ్చినాక అనే మాట నేను యాడ అన్నాను? డాడీ అంటే ఇంగెవురో అన్నట్టుంటాది. చెప్పేస్తాను."

సుధీర్‌కు చెప్పాను. వినలేదు. "సినిమా అంతా అప్పా అని, చివర డాడీ ఎలా మేడమ్? పైగా క్లోజప్, పెదాలు కలవవు" అన్నాడు. మేము నేర్పిన పాఠమే మాకు అప్పజెప్పాడు. ఆమె వల్ల కాకపోతే ఇంకొకరితో చెప్పిద్దాం, అయితే గొంతు ఒకటే ఉండాలి కాబట్టి పిల్ల మాటలన్నీ మొదటి నుంచీ మళ్లీ చెప్పించాలి అన్నాడు.

ఆ మాట అలాగే చంద్రమ్మక్కకు చేరవేశాను.

"అంటే నేను పిలిచిందంతా తీసేస్తారా?"

"తీసేస్తారక్కా."

"ఆ పిలుపులు పోకూడదు." లేచి మైకు ముందుకెళ్లింది. "పెట్టు."

ఒక్క టేకులో చెప్పింది. అంత సంతోషంగా ఉన్న పిల్ల గొంతును ఈ పనిలో నేను మళ్లీ వినలేదు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. తనే అంది:

"మాయప్ప వస్తే ఏమనాలా అని అప్పుడే అనుకోని పెట్టుకున్న మాటమ్మా అది. పెండ్లయినా, బిడ్డలు పుట్టినా అట్లే పెట్టుకున్నాను. రాడని తెలుసు, అయినా పెట్టుకున్నాను. ఈ పొద్దు ఎవురికో ఇచ్చేస్తిని."

ఆ తర్వాత ఆమె డబ్బింగ్‌కు రాలేదు. ఇంటికొస్తుంది, కాఫీ తాగుతుంది, అంగన్‌వాడీ పిల్లల కబుర్లు చెబుతుంది. మేడ మాత్రం ఎక్కదు. సినిమా బాగా ఆడిందనీ, చూసినవాళ్లు చివరి సీనునే మెచ్చుకున్నారనీ సుధీర్ చెప్పాడు. ఆ కబురు నేను ఆమెకు చేరవేయలేదు.

ఇప్పుడు ఏ సినిమా ఒప్పుకున్నా, రాయడానికి ముందే ముగింపు ఇదేనా, మళ్లీ మారుస్తారా అని అడుగుతాను. గొంతు ఇచ్చేవాళ్లను కూర్చోబెట్టి కథ చివరిదాకా చెబుతాను. మనిషిని బతికించి పంపిస్తే ఎవరికేం నష్టం అని ఈ వ్యాపారంలో అందరూ అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేదాన్ని.