లోపలి గడియ ఉన్న వ్యాను

ఇందుమూలంగా వేటపాలెం పురప్రజలకు, చుట్టుపక్కల గ్రామాల పెద్దలకు, ముఖ్యంగా పాత బండ్ల బ్రోకర్లకు తెలియజేయడమేమంటే: పూజారిగారి ఇంటి పక్కన పట్టా కప్పి ఉన్న ఆకుపచ్చ వ్యాను అమ్మకానికి లేదు. దాని అద్దాలు అమ్మకానికి లేవు. ముందు వేలాడుతున్న ఎండు నిమ్మకాయ కూడా అమ్మకానికి లేదు. ఇంట్లో ఏడుపులు ఆగకముందే బేరానికి వచ్చిన ఒక పెద్దమనిషికి అరుగు మీద చాప కూడా వెయ్యబడలేదు. ఇకముందు వచ్చేవాళ్ళకి మంచినీళ్ళు కూడా ఇవ్వబడవు.

ఆ వ్యాను మా సోషల్ టీచరుగారిది. ఆవిడ మొన్న సోమవారం నిద్రలోనే వెళ్ళిపోయారు. పూజారిగారు ఆవిడకి తమ్ముడు. పొద్దున్నే ఆయనే మా ఇంటిదాకా నడిచి వచ్చారు. నేను పళ్ళు తోముకుంటున్నాను. ఏమిటి స్వామీ, ఇవాళ దేవుడికి సెలవిచ్చేశారా అని అడగబోయి, ఆయన మొహం చూసి నోట్లో నురగతోనే ఉండిపోయాను. "అక్కయ్య లేదురా" అన్నారు. ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం గాని లోపలికి వెళ్ళలేదు. ముందు వెళ్ళి ఆ వ్యాను పక్కన నిలబడ్డాం. ఎందుకంటే ఏం చెప్పను?

నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. జీడిపప్పు ఫ్యాక్టరీకి వ్యాను తోలతాను. ఏడో తరగతిలో చదువుకి నామీద విరక్తి పుట్టింది. టీచరుగారు ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆవిడ చేతికి చిక్కిన పిల్లల్లో నేనొకణ్ణి. ఆవిడ గోడకి పటం తగిలించి, బెత్తంతో కృష్ణానదిని పుట్టినచోటు నుంచి సముద్రం దాకా నడిపించేవారు. అది సరిగ్గా సముద్రంలో కలిసే సమయానికి నేను వెనక బెంచీలోంచి పిల్లిలా అరిచేవాణ్ణి. పెద్దయ్యాక కూడా ఊళ్ళో నా పేరు అంతకంటే బాగుపడలేదు. తెల్లారాక ఎవడైనా ఇంకా హాయిగా నిద్రపోతున్నాడని తెలిస్తే, వాడి తలుపు దబదబా బాది, గొంతు మార్చి పోలీసునని చెప్పి, సందు తిరిగి మాయమైపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. జుట్టు నెరిసినా మానలేదు. మా ఆవిడ నన్ను మనుషుల్లో లెక్కెయ్యడం ఎప్పుడో మానేసింది.

రిటైరైన కొన్నాళ్ళకి టీచరుగారు గొడుగు వేసుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చారు. ఒక చిన్న వ్యాను కొనాలి, తోడు రా అన్నారు. బడిపిల్లల్ని తోలడానికా అని అడిగాను. కాదు, తనొక్కరే ఊళ్ళు తిరగడానికి, రాత్రిళ్ళు అందులోనే పడుకోడానికి అన్నారు. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఊళ్ళో ఇంతమంది బుద్ధిమంతులుండగా నేనే ఎందుకండీ అన్నాను.

"నువ్వు అబద్ధాలు బాగా ఆడతావురా. అమ్మేవాడు ఆడితే నీకే తెలుస్తుంది."

నా జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క సర్టిఫికెట్ అది.

మీకు ఆవిడ ఇల్లు తెలియాలి. పెళ్ళైన రెండో ఏడే భర్త పోతే తమ్ముడి దగ్గరికి వచ్చారు. తమ్ముడు బంగారం లాంటి మనిషి, మరదలు కూడా అంతే. పిల్లలు ఆవిడ ఒళ్ళోనే పెరిగారు. ఆవిడ మంచం మధ్య గదిలో. దేవుడి గదికి వెళ్ళాలన్నా, వంటింట్లోకి వెళ్ళాలన్నా, పెరట్లోకి వెళ్ళాలన్నా ఆ మంచం పక్కనించే పోవాలి. జ్వరమొచ్చి పడుకున్నా, దిగులు పుట్టి పడుకున్నా, అటూ ఇటూ పోయేవాళ్ళందరూ ఆగి "ఏం, పడుకున్నారేం?" అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు. ప్రేమతోనే అడిగేవాళ్ళు. గుంటూరు బస్సులో పక్కన కూర్చుని ఆవిడే చెప్పారు: "ఆ ఇంట్లో నాకు మంచం ఉందిరా, తలుపు లేదు."

కనక ఆవిడ బండి చూసే పద్ధతి వేరు. ఇంజను నేను చూసుకోవాలి, టైర్లు నేను చూసుకోవాలి. ఆవిడ చెప్పులు విడిచి వ్యాను ఎక్కి, తల కింద చేతిసంచీ పెట్టుకుని, కాళ్ళు బారజాపి పడుకునేవారు. తర్వాత లేచి తలుపుకి లోపల గడియ ఉందా అని చూసేవారు. ఉండదు. సరుకులేసే బళ్ళకి గడియ బయటే ఉంటుంది, బస్తాలు లోపల్నించి గడియ పెట్టుకోవు కదా. కొత్తగా పెట్టించుకుందాం లెండి అంటే వినరు. ఎవరో ఒకరు అప్పటికే లోపల్నించి వేసుకుని పడుకున్న బండి కావాలట. అలాంటిది ఉంటుందన్న నమ్మకం ఏమిటో.

మొదట వాడరేవులో ఒకటి చూశాం. చేపలు తోలిన బండి. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డంపెట్టుకుని, ఇందులో పడుకుంటే మా తమ్ముడు నన్ను గుళ్ళోకి కాదు, వీధిలోకే రానివ్వడన్నారు. తర్వాత గుంటూరు బ్రాడీపేటలో ఒక డాక్టరుగారి పాత వ్యాను. రోగుల్ని తెచ్చే బల్ల కూడా అందులోనే ఉంది, ఆవిడ పొడుగుకి సరిగ్గా సరిపోయింది. ఆవిడ దానిమీద కళ్ళు మూసుకుని పడుకునేసరికి వీధిలో పోయేవాళ్ళు ఆగి, ఎవరికి ఏమైందని నన్ను అడగడం మొదలుపెట్టారు. ఉన్నంతకాలం బాగానే ఉన్నారండీ, అన్నాను నేను కొంచెం గొంతు జీరబోయేట్టు. ఒకావిడ అయ్యో పాపమని లోపలికి తొంగిచూసింది. టీచరుగారు కళ్ళు తెరిచి టైమెంతైందని అడిగారు. పాపం తొంగిచూసినావిడ చేతిలో కూరల బుట్ట కింద పడిపోయింది.

మూడోది మిర్చి యార్డు పక్కన షెడ్డులో దొరికింది. ఆకుపచ్చ రంగు, చిన్న బండి. యార్డుకి మిర్చి బస్తాలు, అక్కడివాళ్ళ మాటలో టిక్కీలు, తోలేదట. వరసలో రోజుల తరబడి ఆగాల్సి వచ్చినప్పుడు దాని డ్రైవరు టిక్కీల మీదే పడుకునేవాడట, ఎవడూ దొంగతనంగా లాగెయ్యకుండా లోపల గడియ పెట్టించుకున్నాడట. టీచరుగారు లోపలికెళ్ళి తలుపు మూశారు. గడియ టక్కుమంది. మళ్ళీ తీశారు, మళ్ళీ వేశారు. లోపల తుమ్ము వినిపించింది. నేనూ తుమ్మాను. అమ్మేవాడూ తుమ్మాడు. యార్డు పక్కన అందరూ తుమ్ముతూనే ఉంటారు, గాలే అంత. ఎవరం పట్టించుకోలేదు. ఆవిడ బయటికొచ్చి, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, ఇదే తీసుకుందామన్నారు.

మిగతా ఏ ఊరివాళ్ళకైనా అర్థమయ్యే సంగతి మాకు వేటపాలెం వచ్చాకగాని అర్థం కాలేదు.

పూజారిగారు ఇష్టం లేకపోయినా ముహూర్తం పెట్టి వ్యానుకి పూజ చేశారు. ఒక్కదానివి ఎలా పడుకుంటావు అక్కయ్యా, లోకం ఏమనుకుంటుంది అని అప్పటికి వారం రోజులుగా అంటూనే ఉన్నారు. ఇన్నేళ్ళూ పిల్లలకి లోకం గురించే చెప్పాను, అది నా గురించి ఒక్కపూట అనుకుంటే అనుకోనీ అన్నారు ఆవిడ. కొబ్బరికాయ కొట్టారు, నిమ్మకాయా మిరపకాయలూ కట్టారు. వీధంతా చూస్తుండగా టీచరుగారు కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళి, తలుపు మూసి, గడియ వేసుకున్నారు. ఎండకి రేకు కాలుతోంది. ఒక తుమ్ము. ఇంకో తుమ్ము. ఇక ఆగలేదు. వ్యాను ఊగిపోతోంది.

పూజారిగారి మొహం వెలిగింది. ముహూర్తానికి తుమ్ము అపశకునం, దేవుడే వద్దంటున్నాడు, బండి వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. ఆవిడ తమ్ముడి మాట కాదనొచ్చు గాని, తమ్ముడి పంచాంగాన్ని జన్మలో కాదన్నది లేదు.

తలుపు తెరుచుకుంది. ముక్కు ఎర్రగా, కళ్ళు ధారలుగా ఆవిడ కిందకి దిగారు. "తమ్ముడూ, అపశకునం అంటే ఒంటి తుమ్ము కదా? నేను లెక్కలేనన్ని తుమ్మాను. దానికి ఏం రాశారో చూసి చెప్పు."

పూజారిగారు జవాబు చెప్పడానికి నోరు తెరిచారు. తెరిచిన తలుపులోంచి గాలి తగిలింది. ఆయన తుమ్మిన తుమ్ముకి హారతి పళ్ళెంలో కర్పూరం ఆరిపోయింది. వెంటనే రెండోది. మూడోది. వీధి మొత్తం నవ్వింది. ఆఖరికి ఆయనా నవ్వారు, తుమ్ముల మధ్యలో వీలు చూసుకుని.

మర్నాడు వ్యాను అడుగుచెక్కలు ఊడదీశాం. కింద రేకు మీద మిరపకాయలు, గింజలు, కారం, ఏళ్ళ తరబడి పేరుకుపోయి మందంగా. అంతా ఎత్తితే ఒక ఇంటికి ఏడాది పచ్చళ్ళకి సరిపోతుంది. నీళ్ళతో కడిగాం, మజ్జిగతో కడిగాం, ఎండబెట్టాం, మళ్ళీ కడిగాం. మజ్జిగ కుండ మోసుకొచ్చింది ఎవరనుకున్నారు, పూజారిగారే. పంచె ఎగ్గట్టి, నోటికి ఉత్తరీయం చుట్టుకుని, వంగి మూలమూలా తోమారు. అక్కయ్య మంచానికి తలుపు లేదన్న సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనే తెలుసుకున్నారో ఏమో. కొత్త చెక్కలు వేసి, పడుకోడానికో బల్ల, దానికింద పెట్టె, కిరసనాయిలు స్టవ్వుకి చోటు చేశాం. పాత చీర చింపి ఆవిడే కిటికీలకి తెరలు కుట్టుకున్నారు. డ్రైవింగు నేను నేర్పాను. ఆవిడ నన్ను కొట్టిన బెత్తం దెబ్బలన్నిటికీ వడ్డీ తీరేలా అరిచాను. ఆవిడ అన్నిటికీ "అలాగేనండీ మాస్టారూ" అనేవారు. దాంతో అరవడం మానేశాను.

మొదటి ప్రయాణం వాడరేవుకి. ఇంటి నుంచి ఎంత దూరమని, అయినా ఆ రాత్రి ఆవిడకి కాశీ కంటే ఎక్కువ. పూజారిగారు ఒక్క షరతు పెట్టారు, నేను పక్కనే కాపలా పడుకోవాలని. ఆవిడ సరేనన్నారు. సముద్రం ఒడ్డున వ్యాను ఆపాక నావైపు తిరిగి, ఇక నువ్వు వెళ్ళు అన్నారు. పూజారిగారికి మాటిచ్చానండీ అన్నాను.

"బయట నువ్వు కాపలా ఉంటే అది నా గడియ ఎలా అవుతుందిరా?"

చీరాలలో మా బావగారింటికి పోయి పడుకున్నాను. నిద్ర పట్టిందని చెప్పను. పొద్దున్నే వెళ్ళేసరికి టీచరుగారు వ్యాను వెనక పీట వేసుకుని, స్టవ్వు వెలిగించి, సముద్రం వైపు చూస్తూ కాఫీ తాగుతున్నారు. నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. రాత్రి ఎలా గడిచిందండీ అంటే, ఎవరూ "పడుకున్నారేం?" అని అడగలేదురా అన్నారు. ఇద్దరం కాఫీ తాగాం. పంచదార కొంచెం ఎక్కువైంది.

ఆ తర్వాత ఆవిడని పట్టుకోడం ఎవరివల్లా కాలేదు. కోటప్పకొండ, అమరావతి, సాగరు. ఒకసారి హంసలదీవి వెళ్ళి కృష్ణ సముద్రంలో కలిసేచోట రెండు రోజులు ఉండి వచ్చారు. తిన్నగా ఫ్యాక్టరీ గేటు ముందు వ్యాను ఆపి, నన్ను పిలిచి, "నేను మీకు తప్పు చెప్పలేదురా, నిజంగానే కలుస్తోంది" అని చెప్పి వెళ్ళిపోయారు. జీవితమంతా చూడని నదిని పటం మీద చూపించిన మనిషి. నేను గేటు దగ్గర నిలబడి పిల్లిలా అరిచాను. హారన్ కొట్టారు.

ఇంక ఒక్క మాట. పైన రాసిన కాఫీ వట్టిది. పీట లేదు, స్టవ్వు వెలగలేదు, ఆవిడ నాకు కనిపించనే లేదు. ఇంటికెళ్ళగానే పూజారిగారు అక్కయ్య రాత్రంతా ఎలా ఉందో చెప్పమంటే, కాపలా కాసినవాడిలా ఏదో ఒకటి చెప్పాలి కదా, అక్కడికక్కడ అల్లాను. మధ్యాహ్నం ఆవిడ బండి తోలుకుంటూ వచ్చాక ఆయన ఆ కాఫీ సంగతి ఎత్తారు. టీచరుగారు ఒక్క క్షణం నన్ను చూసి, "ఏరా, పంచదార మరీ ఎక్కువైందా?" అన్నారు. అప్పట్నించి అది మా ఇద్దరి కాఫీ. పూజారిగారూ, ఇది చదివితే మీ కోపం నామీద చూపించండి, ఆవిడ ఒట్టి సాక్షి.

జరిగింది ఇది. నేను వెళ్ళేసరికి ఎండెక్కింది. పడవలు వచ్చేశాయి, ఆడవాళ్ళు ఇసుకలో చేపలు పరుస్తున్నారు. జీవితమంతా కోడి కంటే ముందు లేచిన మనిషి ఇంకా లేవలేదు. తలుపు తోసి చూశాను, లోపల గడియ వేసి ఉంది. బాదడానికి నా చెయ్యి అలవాటు కొద్దీ లేచింది. అప్పుడు కిందకి చూశాను. తలుపు ముందు ఇసుకలో, ఇంటి గుమ్మం దగ్గర విడిచినట్టు, ఆవిడ చెప్పులు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. చెయ్యి దించుకుని, అడుగుల చప్పుడు కాకుండా వెనక్కి నడిచాను. రోడ్డెక్కాక తిరిగి చూస్తే వ్యాను అలాగే మూసి ఉంది, చెప్పుల మీద కొంచెం కొంచెంగా ఇసుక చేరుతోంది.