బాపు చూసిన చివరి చుట్టు

నాకు కోరుట్లలో టైర్ల దుకాణం ఉంది. కొన్నేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక స్పోర్ట్స్ సెడాన్ కొన్నాను. టర్బో ఇంజన్, దాని బలం నాలుగు చక్రాలకూ అందుతుంది. జగిత్యాల రోడ్డు మీద దాన్ని అరవై దాటించను. వెనక నుంచి ఆటోవాడు హారన్ కొట్టి మరీ నన్ను దాటిపోతాడు. పోనిమ్మంటాను. వేగం ముచ్చట తీర్చుకునేది ఏడాదికి రెండుసార్లు, మద్రాసు దగ్గరి రేసు ట్రాక్ మీద. అక్కడ బర్రె అడ్డం రాదు, వడ్ల ట్రాక్టరు ఎదురు రాదు.

బయల్దేరే ముందు నేను చేసే తనిఖీ చూసి దుకాణంలో పనివాళ్ళు నవ్వుకుంటారు. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఆయిల్, చక్రాల నట్లు, అన్నీ నా చేత్తోనే, రెండేసి సార్లు. ఈ చాదస్తం బాపు దగ్గర, అంటే మా నాన్న దగ్గర, అంటుకున్నదే. ఆయన రుద్రంగిలో తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే మోకును రోజూ ఎక్కేముందు గుంజి గుంజి చూసేవాడు. ఇంకొకణ్ణి ముట్టనిచ్చేవాడు కాదు. అంత జాగ్రత్త మనిషి నాకు ఏడేళ్ళప్పుడు చెట్టు మీంచి పడ్డాడు. మోకు తెగిందన్నాడు. అది పేనిచ్చిన ముసలాయనను నన్ను కన్న అవ్వ బతికినన్నాళ్ళూ తిట్టింది. బాపు కుడికాలు మళ్ళీ సరిగా ఆనలేదు. కల్లుగీత మానేసి సిరిసిల్లలో మగ్గాల షెడ్డుకు కాపలా కాశాడు. వస్తువును నమ్మరాదని నేను నేర్చుకున్నది అప్పుడే.

ట్రాక్ సంగతి చాలాకాలం ఆయనకు చెప్పలేదు. చివరికి ఎవరో ఫోన్లో వీడియో చూపించారు.

“కొని తెచ్చుకునే సావు గిది” అన్నాడు. మూడో రోజు దుకాణానికి వచ్చి టైర్ల మీద కూర్చున్నాడు. “ఒక్కపారి నన్ను తోల్కపో. నా కండ్లతోని చూస్త. నా మనసుకు రాకుంటె బండి అమ్ముతవా?”

“అమ్ముత బాపూ” అన్నాను. అన్నాను గానీ ఆ బండంటే నాకు ప్రాణం.

రెండు రోజుల ప్రయాణం. దారి పొడుగునా ఆయన నా కాళ్ళనే చూశాడు, ఎప్పుడు తొక్కుతానో అని. ట్రాక్ దగ్గర నేను హెల్మెట్ పెట్టుకుని సీట్లో కూర్చోగానే వంగి, బెల్టు పట్టుకుని మోకును గుంజినట్లే గుంజాడు. “గట్టిగనే ఉన్నది” అని కంచె దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

నా జీవితంలో అంత శుభ్రంగా ఎన్నడూ నడపలేదు. ఒక్క మలుపులోనూ చక్రం గీత దాటలేదు. గళ్ళ జెండా ఊపారు, అంటే అయిపోయిందని. ఆ తర్వాత ఒక చుట్టు నెమ్మదిగా తిరగాలి, బ్రేకులూ టర్బో చల్లారడానికి. నెమ్మదిగానే వస్తున్నాను. కంచె దగ్గర తెల్లధోవతి కనబడింది. గెలిచాననుకున్నాను. పట్టరాని సంతోషంతో చెయ్యెత్తి ఊపాను. ఆ ఊపుడులో మలుపు మరిచిపోయాను. బండి తిన్నగా పోయి పక్కన ఇసుకలో దిగబడింది. కంగారులో గట్టిగా తొక్కితే నాలుగు చక్రాలూ కలిసి ఇంకా లోతుగా తవ్వుకున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు, నా పరువుకు తప్ప. ట్రాక్టరుతో బయటికి లాగారు.

బాపు కుంటుకుంటూ వచ్చాడు. ఆయన నోరు విప్పకముందే చెప్పాను, “మాటంటె మాటే బాపూ. అమ్ముత.”

ఆయన బండి చుట్టూ తిరిగాడు. చక్రంలో ఇరుక్కున్న ఇసుకను వేలితో గీకాడు.

“నా మోకు తెగలేదురా” అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

“కల్లు గీసి సగం దిగిన. కిందికెల్లి నువ్వు బాపూ అని పిలిచినవ్. చూసి చెయ్యి ఊపిన. గంతే, కాలు జారింది.”

“మరి మోకు తెగిందని ఎందుకు చెప్పినవ్?”

“ఏడేండ్ల పోరనికి నీ వల్ల పడ్డ అని చెప్తనా? నీ అవ్వకు చెప్తె ఒక్కనాడన్న నోరు జారుతది. మోకు మీదికి తోసిన.”

అవ్వా లేదు, ఆ ముసలాయనా లేడు. అవ్వ తిట్టిన తిట్లన్నీ నాకు రావలసినవి. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

“బండి అమ్మకు కొడుకా. ఎక్కుడు నీకు మంచిగనే అచ్చింది. దిగేటప్పుడు ఎవ్వలు పిలిచినా సూడకు” అన్నాడు.

ఇప్పుడు ప్రతిసారీ నాతో వస్తాడు. బెల్టు గుంజి చూసి, ఎండలో కంచె పట్టుకుని నిలబడతాడు. గళ్ళ జెండా ఊపగానే మాత్రం కుంటుకుంటూ ట్రాక్ పక్కనున్న షెడ్డు వెనక్కి వెళ్ళిపోతాడు. నేను బండి ఆపి ఇంజన్ కట్టేసేదాకా నా కంటికి కనబడడు.